ఉన్న హక్కు, లేని ఎఱుక

ముస్లిము స్త్రీల స్థితిగతులను గూర్చి మన సభలలోను పత్రికలలోను జరుగు చర్చకు కొఱత లేదు. ఆ చర్చ తఱచుగా రెండు త్రోవలలోనే నడచుచున్నది. వారి మతము వారికి హక్కు లెవ్వియు నీయలేదని యొకరందురు. మతము సర్వము నిచ్చియే యున్నది గావున నిక చేయవలసిన దేదియు లేదని మఱియొకరందురు. మొదటివారు గ్రంథమును చూడలేదు. రెండవవారు గృహమును చూడలేదు. ఎవరి పేరిట నీ వాదము సాగుచున్నదో యా స్త్రీ మాత్రము, తనకు రావలసిన దెంతయో, దాని నెవ్వరి నడుగవలయునో, ఏ కాగితముపై తాను వేలిముద్ర వేసినదో తెలియకయే కాలము గడపుచున్నది.

మా యభిప్రాయ మిది. ముస్లిము స్త్రీకి ప్రధానముగా లోపించినది హక్కు కాదు. హక్కును గూర్చిన యెఱుక. ఆ యెఱుక చదువు లేనిదే రాదు; వచ్చినను నిలువదు. చట్టము నెన్ని సారులు సవరించినను, చదువు రానివారి చేతిలో నది మూసిన పెట్టెయే యగును. చదువు చెప్పి హక్కుల మాట యెత్తకున్నను ఫలము సగమే. ఈ రెండును కలిసి రావలయునన్న సంగతిని మన పాఠకుల ముందుంచుటయే నేటి మా యుద్దేశము.

గ్రంథములో నున్నది

ముందుగా హక్కుల మాట. ఇస్లాము ధర్మశాస్త్రము ననుసరించి వివాహము ఉభయుల సమ్మతిపై నేర్పడు నొడంబడిక. వయస్సు వచ్చిన కన్య సమ్మతింపనిదే హనఫీ సంప్రదాయమున నా యొడంబడిక చెల్లదు. వరుడు వధువున కీయవలసిన మహరు ఆమె సొత్తు. తండ్రిది కాదు, అత్తవారిది కాదు. పెండ్లి యైనంతమాత్రమున నామె యాస్తి భర్త యాస్తిలో కలిసిపోదు. ఆమె యార్జించినది, వారసత్వమున వచ్చినది, కానుకగా పొందినది సర్వము నామె పేరిటనే యుండును. ఇంగ్లండులో వివాహిత స్త్రీకి తన యాస్తిపై నిట్టి స్వతంత్రాధికారమును పార్లమెంటు ఇచ్చినది 1882లో. హిందూ స్త్రీ తనకు వారసత్వముగ వచ్చిన యాస్తికి పరిమితులు లేని హక్కుదారు యైనది 1956 నాటి హిందూ వారసత్వ చట్టముతో. ఉమ్మడి కుటుంబపు టాస్తిలో కూతురు కొడుకుతో సమముగ భాగస్థురా లైనది ఆంధ్రప్రదేశమున 1986 శాసనముతోను, దేశమంతట 2005 సవరణతోను. ఈ సంవత్సరములను చూచినపిమ్మట, పొరుగింటిని గూర్చి జాలిపడుటకు ముందు మన యింటిని తలచుకొనుట న్యాయము.

కూతురికి కొడుకు వాటాలో సగమే కదా యని యాక్షేపింపవచ్చును. అది నిజమే. ఆ యసమానతను గూర్చి ముస్లిము విద్యావంతురాండ్రలోనే వాదోపవాదములు సాగుచున్నవి. కాని యా సగమైనను చేతి కందుచున్నదా యన్నది మొదటి ప్రశ్న. లెక్క చూతము. తలిదండ్రులు లేని యొక రైతు భార్యను, ఒక కుమారుని, ఇరువురు కుమార్తెలను విడిచి కాలము చేసె ననుకొందము. అప్పులును మహరు బాకీయు తీర్చిన పిమ్మట 32 ఎకరములు మిగిలినవి. భార్యకు ఎనిమిదవ పాలు, అనగా 4 ఎకరములు. తక్కిన 28 ఎకరములలో కుమారునకు 14, కుమార్తెల కొక్కొక్కరికి 7. వీలునామా వ్రాసి ఈ వాటాలను తప్పించుటకును వీలు లేదు. వారసుల సమ్మతి లేనిదే తన యాస్తిలో మూడవ వంతునకు మించి యెవ్వడును వీలునామాచే నితరుల కీయజాలడు. వారసులలోనే యొకనికి వ్రాయవలెనన్నను తక్కినవారి సమ్మతి కావలయును.

ఇంత స్పష్టమగు లెక్క యుండగా, దీని ప్రకారము పట్టాదారు పుస్తకములలో నెందరు ముస్లిము కుమార్తెల పేళ్లున్నవో మన పాఠకులు తమ తమ గ్రామములలో విచారించి చూతురు గాక.

భూమి యెట్లు జాఱిపోయినది

ఈ లోపమునకు చరిత్ర గలదు. ఆంగ్లేయ ప్రభుత్వ కాలమున న్యాయస్థానములు అనేక ప్రాంతములలో మతశాస్త్రమునకంటె దేశాచారమునకే పెద్దపీట వేసినవి. పంజాబు మొదలగు ప్రాంతముల యాచారము కూతురికి భూమిలో పాలు లేదన్నది, అదియే చెల్లినది. దీనిని ముస్లిము మహిళా సంఘములు ఖండించినవి. తమకు షరియతు నమలుపఱుపవలయునని యవి యడిగిన ఫలితముగనే 1937లో షరియతు చట్టము వచ్చినది. ఆచారమును త్రోసి శాస్త్రమును నిలువబెట్టుటయే యా చట్టపు టుద్దేశము. కాని యందొక పెద్ద లొసుగు మిగిలినది: వ్యవసాయ భూమి దాని పరిధిలో చేరలేదు. నాటి రాజ్యాంగ విధానమున వ్యవసాయ భూమి రాష్ట్ర శాసనసభల పాలిటిది గావున కేంద్ర శాసనము దానిని ముట్టలేదు. రైతు కుటుంబములలో నాస్తి యన్నను భూమి యన్నను ఒక్కటే గదా! ఉన్న యాస్తినంతయు విడిచి మిగిలినదానిలో వాటా యిచ్చినట్లయినది.

మదరాసు శాసనసభ 1949లో నొక సవరణము చేసి యీ లొసుగును పూడ్చినది. నాటి మదరాసు రాష్ట్రములో భాగమైన మన కోస్తా జిల్లాలకును రాయలసీమకును ఆ సవరణము వర్తించినది. అనగా గుంటూరులోను, కడపలోను, కర్నూలులోను ముస్లిము కుమార్తెకు పొలములో పాలు గలదని చట్టము పలికి మూడు తరములు గడచినది. ఈ సంగతి యెఱిగిన కుమార్తె లెందరు? కుమారులు మాత్ర మెఱుగుదురు. ఎఱిగిన వారే తండ్రి పోయిన నలువది దినములలోపల హక్కువిడుదల పత్రమును వ్రాయించి తెత్తురు. పుట్టినింటి రాకపోకలు నిలువవలయునన్న వ్రాలు చేయుమందురు. ఆమె పెండ్లికి పెట్టిన వ్యయమును లెక్క చెప్పుదురు. ఆమె చదువలేదు, చదివి వినిపించు వారును లేరు. బొటనవ్రేలికి సిరా పూసినంతలో 7 ఎకరములు పోవును.

ఇచ్చట మన పాఠకులకు, వారు హిందువులైనను ముస్లిములైనను, ఒక మాట చెప్పవలసి యున్నది. ఆ పత్రముపై సాక్షి సంతకము చేయునది యెవరు? గ్రామమున పెద్దయైన రైతు, పట్టణమున పరువుగల వర్తకుడు, ప్లీడరు, కరణీకపు లెక్క తెలిసినవాడు. వారిలో మన పాఠకులును నుందురు. పత్రమును స్త్రీకి ఆమె భాషలో చదివి వినిపింపకుండ సాక్షి సంతకము చేయుట, తప్పిదమునకు చేయూతనిచ్చుటయే. తండ్రి బ్రదికియుండగా కూతురు తన రాబోవు వాటాను వదలుకొన్నట్లు వ్రాసిన పత్రము ముస్లిము ధర్మశాస్త్రము ప్రకారము సాధారణముగ చెల్లదన్న సంగతియు సాక్షులెఱిగి యుండుట మంచిది.

ఒక్క యక్షరపు భేదము

ఇక మహరు మాట. మహరు రెండు విధములు. అడిగినంతనే యీయవలసినది యొకటి. భర్త మరణించినప్పుడో విడాకులైనప్పుడో చెల్లింపవలసినది రెండవది. మొదటిదాని పేరు ముఅజ్జల్, రెండవదాని పేరును ముఅజ్జల్. ఉరుదూ వ్రాతలో రెంటికిని ఒక్క యక్షరపు భేదము గలదు. మన దేశపు పలుకుబడిలో చెవికి రెండును ఒక్క తీరుగనే వినబడును. వినిన వధువు తనకు వచ్చునది నేడో, వైధవ్యము నాడో తెలిసికొనజాలదు. చదువగలిగినదే తెలిసికొనగలదు. చదువునకును హక్కునకును గల సంబంధమును ఇంతకంటె సూటిగ చెప్పు నిదర్శనము మాకు కనబడలేదు.

కట్నమును మహరును గూర్చియు నిట్టి గందరగోళమే. 1961 నాటి వరకట్న నిషేధ చట్టము కట్నమును నేరమన్నది. మహరు కట్నము కాదని యా చట్టమే స్పష్టముగ చెప్పినది. అయినను నేడు పెక్కు ముస్లిము కుటుంబములలో జరుగునది దీనికి తలక్రిందు. నేరమైన జహేజు ముందుగ తూచి పుచ్చుకొందురు. హక్కైన మహరును పేరునకు వ్రాసి మఱచిపోదురు. భర్త శవము ఇంటనుండగానే, అతని యాత్మకు శాంతి కలుగవలయునన్న మహరు మాఫీ చేసితి ననుమని విధవను బంధువులు చుట్టుముట్టు నాచారము గలదు. దుఃఖావేశమున పలికిన యట్టి మాట స్వేచ్ఛతో చేసిన త్యాగము కానేరదని న్యాయస్థానములు నిర్ణయించి యున్నవి. మహరు బాకీ యన్న నది బాకీయే. వారసులు పంచుకొనుటకు ముందుగ తీర్పవలసినది. న్యాయముగ భర్త యాస్తి తన స్వాధీనములోనికి వచ్చిన విధవ, మహరు తీఱువఱకు దానిని తన చేతిలో నుంచుకొనవచ్చునని ప్రీవీ కౌన్సిలు కాలమునుండి గుర్తింపబడిన సూత్రము. దావా వేయుటకు గడువు మూడు సంవత్సరములు. ఆ గడువున్నదని తెలియని విధవ నాలుగవ యేట ప్లీడరు గుమ్మ మెక్కినచో నాతడు మాత్ర మేమి చేయగలడు?

ఒడంబడికలో షరతులు వ్రాసికొను నధికారము వధువునకు గలదు. ఫలానా సందర్భమున తానే తలాఖు చెప్పుకొను నధికారమును భర్తనుండి నికానామాలోనే పొందవచ్చును. రెండవ పెండ్లిని గూర్చి, కాపురముండు తావును గూర్చి, చదువు సాగించుటను గూర్చి షరతులు వ్రాయించుకొనవచ్చును. ఈ యధికారములు క్రొత్తగ పుట్టినవి కావు. ప్రాచీన న్యాయవేత్తలు చర్చించినవే. కాని నికానామాలో నా తావులు ఖాళీగానే మిగిలిపోవుచున్నవి.

విడాకులును న్యాయస్థానములును

విడాకులు పురుషుని చేతిలోని యాయుధమేయని లోకము నమ్ముచున్నది. ఈ నమ్మకము వలన నొకప్పు డెంతటి విపరీతము జరిగినదో చూడుడు. హనఫీ సంప్రదాయమున, విడిచి పోయిన భర్తనుండి గాని హింసించు భర్తనుండి గాని విడివడుటకు దారి కానరాక, కొందఱు స్త్రీలు మతమునే విడుచుటకు తెగించిరి. మతము విడిచినచో వివాహము రద్దగునని నాటి న్యాయస్థానములు తీర్పిచ్చుచుండెను. ఈ దుఃస్థితిని చూచి మౌలానా అష్రఫ్ అలీ థానవీ వంటి సంప్రదాయ పండితులే 1930 దశకారంభమున గ్రంథము వ్రాసి, మాలికీ సంప్రదాయము నాశ్రయించి స్త్రీకి విడుదల నీయవచ్చునని యంగీకరించిరి. కేంద్ర శాసనసభలో ఖాజీ మొహమ్మద్ అహమ్మద్ కాజ్మీ ప్రతిపాదించిన బిల్లు 1939లో ముస్లిము వివాహముల రద్దు చట్టమైనది. భర్త నాలుగేండ్లు కానరాకపోయినను, రెండేండ్లు పోషింపకున్నను, ఏడేండ్లు లేక అంతకు మించిన శిక్ష పడినను, మూడేండ్లు కాపురధర్మమును నిర్వర్తింపకున్నను, క్రూరముగ ప్రవర్తించినను, అతడు పిచ్చివాడైనను, ఇట్టి మఱికొన్ని కారణములచేతను భార్య విడాకులు కోరవచ్చును. పండితులును, శాసనకర్తలును, స్త్రీల కష్టమును ఏకమై కదిలినప్పుడు మతమునకు హాని లేకయే మార్పు వచ్చునని యీ చట్టము నిరూపించినది.

భార్య కోరి పొందు విడాకులకు ఖులా యని పేరు. దానికి భర్త యొప్పుకోలు తప్పనిసరియని చాలకాలము భావించుచు వచ్చిరి. కేరళ హైకోర్టు 2021లోను, తెలంగాణ హైకోర్టు 2025 జూనులోను భర్త సమ్మతిపై నాధారపడని హక్కు భార్యకు గలదని తీర్పు చెప్పినవి. హైదరాబాదులోనే వెలువడిన యీ తీర్పును గూర్చి చార్మినారు చుట్టుప్రక్కల వీధులలో నెందరు స్త్రీలు వినియుందురు?

మనోవర్తి కథ దేశమంతయు నెఱిగినదే. ఇందూరు పట్టణపు షాబానో 1932లో పెండ్లాడినది, 1978లో విడువబడినది. న్యాయవాది యైన భర్తనుండి నెలకు 179 రూపాయల 20 పైసలు పొందుటకు 1985 ఏప్రిలులో సుప్రీముకోర్టు తీర్పు కావలసి వచ్చినది. దానిపై లేచిన యాందోళనకు లొంగి 1986లో పార్లమెంటు వేఱొక చట్టము చేసినది. ఆ చట్టము ప్రకారము ఇద్దతు కాలములో భర్త చేయవలసిన న్యాయమగు నేర్పాటు ఆమె భవిష్యజ్జీవితమంతటికిని చాలునట్టిదై యుండవలయునని 2001లో సుప్రీముకోర్టు వివరించినది. సకారణము లేని, రాజీ యత్నము జరుగని తలాఖు చెల్లదని 2002లో చెప్పినది. ఒక్క గ్రుక్కలో పలుకు మూడు తలాఖులు చెల్లవని 2017 ఆగస్టు 22న ముగ్గురు న్యాయమూర్తుల ఆధిక్యముతో తీర్పిచ్చినది. 2019లో పార్లమెంటు దానిని మూడేండ్ల వఱకు కారాగారశిక్షకు తగు నేరమును జేసినది. భర్తను చెఱకంపిన పిమ్మట నామెకు తిండి పెట్టున దెవరన్న ప్రశ్నకు మాత్రము తృప్తికరమైన సమాధానము రాలేదు. తుదకు 2024 జూలై 10న, తెలంగాణనుండి వెళ్లిన వ్యాజ్యములోనే, దేశ స్త్రీలందఱికి వర్తించు మనోవర్తి సూత్రము విడాకులు పొందిన ముస్లిము స్త్రీకిని వర్తించునని సుప్రీముకోర్టు నిష్కర్షగ పలికినది. ఆ వ్యాజ్యమున కుటుంబ న్యాయస్థానము నెలకు 20,000 రూపాయలన్నది. హైకోర్టు దానిని 10,000కు తగ్గించినది. సుప్రీముకోర్టు భర్త యప్పీలును త్రోసివేసినది.

ఇన్ని తీర్పులు వచ్చినవి. ప్రతి తీర్పునకు వెనుక న్యాయస్థానము గుమ్మ మెక్కగలిగిన యొక స్త్రీ గలదు. ఆ గుమ్మమున్నదనియే తెలియనివారి సంగతి యేమి?

బడి తెఱచిన వారు

ముస్లిము సమాజము స్త్రీవిద్యకు సహజముగ విరోధియని తలచువారు చరిత్ర నెఱుగరు. 1898లో లాహోరున సయ్యద్ ముంతాజ్ అలీ, ఆయన భార్య ముహమ్మదీ బేగము స్త్రీలకై వారపత్రికను స్థాపించిరి. ఆమెయే దానికి సంపాదకురాలు. స్త్రీల హక్కులను గూర్చి ముంతాజ్ అలీ వ్రాసిన గ్రంథమును ప్రకటించుటకు సర్ సయ్యద్ అహమ్మద్‌ఖాను వంటి సంస్కర్తయే యిష్టపడలేదు. ఆయన గతించిన పిమ్మటనే యది వెలువడినది. 1906లో అలీగఢమున షేక్ అబ్దుల్లా, వహీద్ జహాన్ దంపతులు బాలికల బడి తెఱచిరి. భోపాలు నేలిన సుల్తాన్ జహాన్ బేగము 1920లో అలీగఢ విశ్వవిద్యాలయమునకు ప్రథమ కులపతి యయ్యెను. మన దేశమున నొక విశ్వవిద్యాలయపు శిరోభాగమున ముస్లిము స్త్రీ కూర్చుండి నూఱేండ్లు దాటినదన్నమాట.

వంగదేశమున రొకియా సఖావత్ హుసేన్ చరిత్ర మఱింత విశేషము. ఇంట నాంగ్లము, వంగభాష నేర్చుట కనుమతి లేకపోగా అన్నగారు రాత్రులందు రహస్యముగ నేర్పిరి. భర్త విడిచిన ధనముతో 1909లో భాగల్పురమున బడి పెట్టినది. బంధువుల పోరు పడలేక 1911లో కలకత్తాకు తరలి ఎనిమిదిమంది బాలికలతో మరల నారంభించినది. బాలికలను తెచ్చు బండికి గాలి చొరని తెరలు కట్టిరి. లోపల పిల్లలు మూర్ఛిల్లిరి. తెరలు పలుచ చేసినంతనే పరదా పోయినదని బెదిరింపు లేఖలు వచ్చినవి. ఈ సంకటమును ఆమెయే హాస్యముతో వ్రాసియున్నది. బండి మాత్రము నిలువలేదు. ఆమె వ్రాసిన ప్రసిద్ధ కథ, స్త్రీలే రాజ్యమేలు లోకమును చిత్రించినది, 1905లో మొట్టమొదట ప్రకటితమైనది మదరాసునందు. ఆ పత్రికను నడపినది తెలుగు కుటుంబమున జన్మించిన కమలా సత్యనాథన్. ఒక ముస్లిము వంగ స్త్రీ వ్రాతకు తెలుగు స్త్రీ పత్రిక చోటిచ్చిన యీ సంగతి మన ఆంధ్రులు గర్వముతో తలచుకొనదగినది.

హైదరాబాదున మహబూబియా బాలికల పాఠశాల 1907లో నేర్పడినది. సుఘ్రా హుమాయూన్ మీర్జా పత్రిక నడిపి, బాలికల బడి స్థాపించినది. మాసూమా బేగము 1960లో ఆంధ్రప్రదేశ మంత్రివర్గమున చేరినది. స్వరాజ్యోద్యమ దినములలో అలీ సోదరుల తల్లి బీఅమ్మ దేశమంతట సంచరించి సభలలో ప్రసంగించినది. చిన్ననాడే విధవయైన యా తల్లి బంధువుల మాట త్రోసి, నగలు కుదువబెట్టి కొడుకులకు చదువు చెప్పించినది. నగలమ్మి కూతురికి చదువు చెప్పించు తల్లులు నేడు మన వీధులలోనే గలరు. వారి పేళ్లు పత్రికల కెక్కవు.

నేటి లెక్కలు

2001 జనాభా లెక్కలలో దేశ స్త్రీలలో అక్షరాస్యులు నూటికి 54 మంది కాగా ముస్లిము స్త్రీలలో 50. 2011లో అవి 65కును 62కును పెరిగినవి. అనగా ముస్లిము బాలిక నడచుచునే యున్నది. తక్కినవారు ముందుగ నడచుటచే వెనుకబడినట్లు కనబడుచున్నది. అసలు లోతు పై చదువులలో తెలియును. 2021–22లో దేశపు కళాశాలలలోను విశ్వవిద్యాలయములలోను 4 కోట్ల 33 లక్షలమంది చదువుచుండగా ముస్లిము విద్యార్థులు సుమారు 21 లక్షలు, నూటికి అయిదుగురు. 2011 లెక్కల ప్రకారము జనసంఖ్యలో వారు నూటికి 14గురు. ముస్లిము పిల్లలందఱును మదరసాలలోనే యున్నారన్న ప్రచారమును 2006 నాటి సచార్ సంఘపు నివేదిక పటాపంచలు చేసినది. మదరసా విద్యార్థులు నూటికి నలుగురికి మించలేదు.

బాలిక బడి మానుటకు కారణములు మతగ్రంథములో వెదుకనక్కఱలేదు. అయిదవ తరగతి వఱకు ఉరుదూలో చదివి యారవ తరగతిలో తెలుగునకో ఆంగ్లమునకో మాఱవలసి వచ్చును. ఉన్నత పాఠశాల దూరమున నుండును. త్రోవలో భద్రత తక్కువ. బడిలో మరుగుదొడ్డి యుండదు. ఇంటిలో గాజులకు అద్దకము చేసియో, జరీ కుట్టియో నాలుగు రూపాయలు తెచ్చు చేతులు కావలయును. ఆ పిమ్మట సంబంధము వచ్చును. ఈ కారణములలో ప్రతిదానికిని ప్రభుత్వము చేయగల చికిత్స గలదు. 2007లో వెనుకబడిన ముస్లిము తెగలకు ఆంధ్రప్రదేశ శాసనసభ కల్పించిన నూటికి 4 స్థానముల వలన, 2016 నుండి తెలంగాణలో నెలకొల్పబడిన మైనారిటీ గురుకులముల వలన బాలికలకు మేలు కలిగినది. ఇట్టి తరుణమున 2022లో కేంద్ర ప్రభుత్వము మైనారిటీ విద్యార్థుల కొకటి నుండి యెనిమిదవ తరగతి వఱకు నిచ్చు విద్యార్థివేతనమును, మౌలానా ఆజాద్ పేరిట పరిశోధకుల కిచ్చు వేతనమును మాన్పుట మాకు మిక్కిలి విచారము కలిగించినది. ఆ యేటనే కర్ణాటకమున తలపై గుడ్డను గూర్చి లేచిన వివాదములో కొందఱు బాలికలు కళాశాల గుమ్మముకడ నిలిచిపోయిరి. హైకోర్టు ప్రభుత్వపు టుత్తరువును సమర్థించినది. సుప్రీముకోర్టు న్యాయమూర్తు లిరువురును అక్టోబరులో చెఱియొక తీర్పు నిచ్చిరి. వస్త్రమును గూర్చి యెవ్వరి మత మేదైనను, ఆ దినములలో పాఠము పోగొట్టుకొన్నది బాలికయే. రొకియా బండికి తెరలు కట్టుమన్నవారును, తెర తీయనిదే బడికి రావద్దన్నవారును బాలికను వీధిలోనే నిలిపినవారైరి.

చేయవలసినది

మొదటిది, నికానామా. ఖాజీలు, మసీదు సంఘములవారు ఒక్క నియమము పెట్టుకొనవలయును: వధువు వ్రాలు చేయుటకు ముందు, ఆమె కర్థమగు భాషలో, ఆమె యెదుట, మహరు మొత్తమును, అది తక్షణమైనదో వాయిదాదో, షరతులేవియో చదివి వినిపింపవలయును. దీనికి క్రొత్త చట్టము అక్కఱలేదు; పావుగంట కాలము చాలును.

రెండవది, భాష. ఆంధ్రదేశపు ముస్లిములందఱును ఉరుదూ చదువువారు కారు. దూదేకుల కుటుంబములలో తెలుగే మాతృభాష. చిలుకూరి నారాయణరావుగారు ఖురానునే తెలుగున కనువదించిరి. మహరు, ఖులా, వాటాలు, మనోవర్తి యన్న నాలుగు సంగతులను నాలుగు పుటలలో తేట తెలుగున అచ్చువేయించి యింటింటికి పంచుట మనకు భారమా? ఉన్నత పాఠశాలలో చదువు ప్రతి బాలికకును, ఆమె మతమేదైనను, తనకు వర్తించు వారసత్వ ధర్మమును ఒక పాఠముగ చెప్పవలయును. హిందూ బాలికయు దీనివలన లాభపడును. అన్నదమ్ముల విడుదల పత్రమున కామె బొటనవ్రేలును ముస్లిము సోదరి వ్రేలివలెనే సిద్ధముగ నున్నది.

మూడవది, న్యాయసహాయము. 1987 నాటి న్యాయసేవల చట్టము ప్రకారము ఆదాయముతో నిమిత్తము లేకుండ ప్రతి స్త్రీకిని ఉచిత న్యాయసహాయము పొందు హక్కు గలదు. జిల్లా న్యాయస్థానమునకు పోయి యడిగినచో ప్లీడరును నియమింతురు, రుసుము లేదు. ఈ యొక్క వాక్యమును మసీదు గోడపైనను, బడి గోడపైనను, రిజిస్ట్రారు కచ్చేరీ గోడపైనను తెలుగులోను ఉరుదూలోను వ్రాయించిన చాలును.

నాలుగవది, మన పాఠకుల వంతు. భూస్వాములు తమ గ్రామమున బాలికల ఉన్నత పాఠశాలకు స్థలము నీయగలరు. త్రోవకు దీపము వేయింపగలరు. పట్టణవాసులు కళాశాలకు వచ్చు ముస్లిము బాలికకు వసతిగృహమున గది నిరాకరింపకుండ చూడగలరు. సాక్షులుగ పిలువబడినవారు, పత్రము చదివి వినిపించినదాక కలము పట్టమని పట్టుపట్టగలరు. ముస్లిము సోదరులారా, మీ శాస్త్రము మీ సోదరికి వ్రాసిన వాటాను మీరే త్రొక్కిపట్టి, శాస్త్రమునకు బయటివారివలన భయము కలిగినదనుట యుక్తమా? హిందూ సోదరులారా, పొరుగింటి స్త్రీ కష్టమును పొరుగువానిని నిందించుటకు సాధనముగ వాడికొని, ఆమె బడికి పోవు త్రోవ నడ్డగించుట దేశసేవ యగునా?

స్వరాజ్యమన్న నెవరి హక్కులు వారికి దక్కుట. 1947లో వచ్చిన స్వరాజ్యము రాజ్యాంగ గ్రంథమున నందఱికిని సమముగనే వ్రాయబడినది. దానిని చదివికొనగలిగిన చేతికే యది యందినది. తన నికానామాను తానే చదివికొని, మహరెంతయో యడిగి, ఖాళీ తావులు నింపించి, ఆ పిమ్మట వ్రాలు చేయు నాడుబిడ్డ ప్రతి యింటను పెరుగవలయును. ఆమెకు మనము చేయవలసినది దానము కాదు. ఆమెది ఆమెకు తెలియనిచ్చుట. పాఠశాలలు తెఱచు నీ యేటనైనను మన గ్రామములలో బడి మానిన ముస్లిము బాలిక లెందరో లెక్కించి, వారి తలిదండ్రుల గుమ్మము త్రొక్కి, వారిని మరల బడికి పంపింతుము గాక.